మీ పుట్టినరోజు తేదీకి చరిత్రలో ఏమైనా ప్రత్యేకత ఉందా?

నాది జూన్ 2. ఖమ్మం వాడిని కాబట్టి 2014 తర్వాత ఈ తేదీని ఎవరికీ గుర్తు చేయాల్సిన పని లేకుండా పోయింది. చిన్నప్పుడు మాత్రం వేసవి సెలవుల్లో వచ్చేది, చాక్లెట్లు పంచుదామంటే బడి ఉండేది కాదు.

రాష్ట్ర విభజన చట్టానికి 2014 మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. ఆ తర్వాత కేంద్రం జూన్ 2ను అపాయింటెడ్ డేగా, అంటే తెలంగాణ రాష్ట్రం ఏర్పడే రోజుగా ప్రకటించింది. కేసీఆర్ తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిందీ ఆ రోజే. మా పిన్ని వాళ్లు విజయవాడలో ఉంటారు. అక్కడి ప్రభుత్వం కొన్నేళ్లపాటు ఇదే రోజున నవ నిర్మాణ దీక్ష పెట్టేది. పొద్దున్నే పిన్ని ఫోన్ చేసి "మీకు పండగ, మాకు దీక్షరా" అని నవ్వేది, హ్యాపీ బర్త్‌డే ఆ తర్వాతే. హైదరాబాద్ ఉమ్మడి రాజధానిగా ఉండే పదేళ్ల గడువు కూడా 2024లో ఇదే తేదీతో తీరిపోయింది.

బయటి దేశాల్లో నాకు నచ్చే జోడీ ఒకటుంది. 1946 జూన్ 2న ఇటలీలో ఓటింగ్ మొదలై, జనం రాజరికం వద్దని తేల్చేశారు. ఏడేళ్లకు, 1953లో అదే రోజున లండన్‌లో రెండో ఎలిజబెత్‌కు కిరీటం పెట్టారు. ఎవరెస్ట్ ఎక్కిన వార్త అక్కడి పేపర్లో వచ్చిందీ ఆ పొద్దున్నే. టెన్సింగ్, హిల్లరీ ఎక్కింది మాత్రం మే 29న. వార్త వచ్చిన రోజునే ఘటన జరిగిన రోజు అనుకోకూడదు.

ఇక సినిమావాళ్లు. మణిరత్నం 1956 జూన్ 2న పుట్టారు. ఇళయరాజా పుట్టింది జూన్ 3నే అయినా, అది కరుణానిధి పుట్టినరోజు కూడా కావడంతో ఆయన మీద గౌరవంతో ఒకరోజు ముందే జరుపుకుంటారు. మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన ఒకే ఒక్క సినిమా 'గీతాంజలి'కి సంగీతం ఇళయరాజాదే. ఈ తేదీ మొత్తంలో నాకు రాజులూ రాణులూ కాదు, వీళ్లిద్దరే ముఖ్యం!

మీ తేదీ గురించి వెతికే ముందు అది అసలుదా, బడి రికార్డులో వేసినదా అని ఇంట్లో ఓసారి అడగండి. మా బంధువుల్లో పెద్దవాళ్లు సగం మంది జూన్‌లోనో జూలైలోనో "పుట్టారు". బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు రాసిన తేదీలవి. మా నాన్న పుట్టింది సంక్రాంతి రోజుల్లోనట, ఆధార్‌లో మాత్రం జూలై 1.