మీ వాహనం – మీ సందేహం: నాన్నగారి ఫియట్‌కు కొత్త ఇంజిన్ వేయించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1969లో కొన్న ఫియట్ 1100 డిలైట్ కారు మా ఇంట్లో ఉంది. ఆయన వైద్యులు; చుట్టుపక్కల పల్లెలకు రోగులను చూడడానికి చాలా ఏళ్లు ఆ కారులోనే వెళ్లేవారు. పన్నెండేళ్లుగా అది షెడ్డులోనే టార్పాలిన్ కింద ఉంది. ఇప్పుడు బాగుచేయించాలని అనుకుంటున్నాం. మారుతి ఇంజిన్, నేల మీద గేరు, ఏసీ, అల్లాయ్ చక్రాలు వేయిస్తే రోజూ ఆఫీసుకు కూడా వేసుకెళ్లవచ్చని మా అబ్బాయి అంటున్నాడు. నాకు మాత్రం ఒక్క బోల్టు మార్చడం కూడా ఇష్టం లేదు. మాలో ఎవరి మాట సబబు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: నేను మీ పక్షమే గానీ, ఒక్క బోల్టు కూడా మార్చకూడదన్నంత దూరం మీతో రాలేను. ఆ సంగతికి తరువాత వస్తాను. ముందు మీ అబ్బాయి కోరికల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన దానిని చూద్దాం. అది ఇంజిన్ కాదు, నేల మీద గేరు.

మీ కారులో గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉంటుంది. దానిని నేల మీదికి తేవాలంటే ముందు సీటు దగ్గర నేల రేకును కోయాలి. ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, పక్క రేకులు, పైకప్పు కలిసి ఒకే పెట్టెగా బరువునంతా మోస్తాయి. అలాంటి కారులో నేలకు రంధ్రం కొట్టడమంటే ఇంట్లో గోడకు మేకు కొట్టడం లాంటిది కాదు, దూలాన్ని కోయడం లాంటిది. అసలే పన్నెండేళ్లు కదలకుండా ఉన్న కారు కనుక, నేల రేకుకు అప్పటికే తుప్పు పట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఇంజిన్ మారిస్తే ఎప్పుడో ఒకప్పుడు పాతదాన్ని తిరిగి బిగించుకోవచ్చు గానీ, కోసిన రేకును మళ్లీ అతికించినా అది అతుకే అవుతుంది. ఇంజిన్ మార్పిడిలో కూడా చాలామంది మెకానిక్‌లు కొత్త ఇంజిన్ పట్టడం కోసం ముందున్న అడ్డకమ్మీని కోసి, కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేస్తారు. కనుక మీ అబ్బాయి ఏ గ్యారేజీకి వెళ్లినా, "ఎక్కడ కోస్తారు, ఎక్కడ వెల్డింగ్ చేస్తారు?" అన్న ప్రశ్నను ఖర్చు ఎంతవుతుందన్న ప్రశ్న కంటే ముందు అడగమనండి.

రెండవ విషయం బ్రేకులు. మీ కారు ఇంజిన్ 1089 సీసీది, దాని శక్తి సుమారు 40 గుర్రాలు (హార్స్‌పవర్). నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పైగా ఆ కాలపు కార్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే హైడ్రాలిక్ మార్గం ఉండేది, అంటే ఒక గొట్టం పగిలితే పెడల్ మొత్తం నేలకు దిగిపోతుంది. ఈ బ్రేకులను ఆ 40 గుర్రాల వేగానికి సరిపడేటట్టు రూపొందించారు. వాటిని అలాగే ఉంచి ముందు భాగంలో మరింత శక్తిగల ఇంజిన్ పెట్టడం తెలివైన పని కాదు. ఇంజిన్ మార్చినవారు బ్రేకులు, వాటి తరువాత స్ప్రింగులు, ఆ తరువాత స్టీరింగు మార్చవలసి వస్తుంది. చివరకు మిగిలేది ఫియట్ ఆకారంలో ఉన్న మరో కారు. ఏసీ మాట కూడా ఇంతే. ఉన్న 40 గుర్రాల్లో మూడో నాలుగో ఏసీ కంప్రెసరే తినేస్తుంది. మే నెలలో వంతెన ఎక్కేటప్పుడు ఏసీ ఆపక తప్పని కారును రోజూ ఆఫీసుకు ఎవరు వేసుకెళతారు?

చట్టం సంగతి కూడా మీరు తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు, సి బుక్కులోని వివరాలకు తేడా వచ్చేటట్టు యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చదలిస్తే ముందుగా రవాణా శాఖ అనుమతి పొంది, తరువాత సి బుక్కులో నమోదు చేయించుకోవాలి. అనుమతి లేని మార్పులకు, 2019లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలుశిక్ష గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ కూడా మొదట వెతికేది ఇలాంటి తేడాలనే.

దీనికి మరో వైపు కూడా ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 సంవత్సరాలు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్న కార్లను, ద్విచక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేస్తారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, గడువు పది సంవత్సరాలు. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న కారుకు పాత నంబరునే ఉంచుకోవచ్చు. మీ 1969 కారుకు ఈ అర్హత ఉంది. ఇంజిన్ మార్చిన రోజున ఆ అర్హత పోతుంది. అయితే వింటేజ్‌గా నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కించాలి. రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ఆదివారం పూట కుటుంబమంతా కలిసి సూర్యలంక బీచికి వెళ్లాలనుకుంటే, మామూలు రిజిస్ట్రేషన్‌ను రెన్యూవల్ చేయించుకోవడమే మీకు నయం.

ఇక మీ పట్టుదల సంగతి. మీ నాన్నగారు ఈ కారు కొన్ననాటి పెట్రోలు వేరు, ఈనాటి పెట్రోలు వేరు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది ఆ కాలపు రబ్బరు గొట్టాలను, పెట్రోలు పంపులోని డయాఫ్రం అనే పలుచని పొరను మెత్తబరచి పగిలేటట్టు చేస్తుంది. తేమను పీల్చుకుని ట్యాంకు లోపల తుప్పుకు కారణమవుతుంది. వేడి ఇంజిన్ పక్కన కారే పెట్రోలు గొట్టాన్ని "అసలు భాగం" అన్న పేరుతో ఉంచుకోవడం కారుకే కాదు, మీకూ ప్రమాదం. ఆ గొట్టాలను ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చండి. బయటి నుంచి చూసేవారికి తేడా కూడా తెలియదు. అలాగే బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లలోని రబ్బర్లు అన్నీ కొత్తవి వేయించండి. టైర్లు పైకి బాగా కనిపించినా మార్చవలసిందే. ముందు సీట్లకు బెల్టులు లేకపోతే పెట్టించండి. దీనిని తప్పుపట్టే కారు ప్రేమికుడు ఎవరైనా ఉంటే ఆయన మాట వినకండి.

హెడ్‌లైట్ల వెలుతురు చాలకపోతే బల్బుల కంటే ముందు వైరింగు చూడాలి. ఆ కార్లలో దీపాల కరెంటు అంతా డ్యాష్‌బోర్డు స్విచ్చి గుండానే వెళుతుంది, దారిలోనే కొంత వోల్టేజి పోతుంది. బోనెట్ కింద రెండు రిలేలు (బ్యాటరీ కరెంటును నేరుగా దీపాలకు పంపే చిన్న స్విచ్చులు) పెడితే పాత దీపాలే బాగా వెలుగుతాయి. కారులో బ్యాటరీని ఛార్జి చేసే పాత రకం డైనమోయే ఉంటే, అది ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు సరిగా ఛార్జి చేయదు. రాత్రి పూట ట్రాఫిక్‌లో దీపాలతో చాలాసేపు ఆగితే బ్యాటరీ దిగిపోవచ్చు. దాని చోట ఆల్టర్నేటర్ పెట్టించుకోవచ్చు, ఏ రేకునూ కోయనక్కరలేదు. డైనమోను మాత్రం నూనె గుడ్డలో చుట్టి దాచండి. ఎండాకాలంలో పంపులోని పెట్రోలు వేడికి ఆవిరై అడ్డుపడి కారు ఆగిపోతే, మీ నాన్నగారు ఆ పంపు మీద తడిగుడ్డ వేసి ఉంటారు. ఆ తడిగుడ్డ పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది గానీ, పెట్రోలు గొట్టాన్ని వేడి మానిఫోల్డు (ఇంజిన్ పొగను బయటికి పంపే గొట్టం) నుంచి కాస్త దూరంగా జరిపి బిగిస్తే దాని అవసరమే తగ్గుతుంది.

పాత కార్ల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ అనే నియమావళి కూడా ఇదే చెబుతుంది. తప్పనిసరి మార్పు చేయవలసి వస్తే అది కంటికి కొట్టినట్టు కనిపించకూడదు, తిరిగి తీసేయగలిగేటట్టు ఉండాలి, తీసిన అసలు భాగాలు కారుతోనే ఉండాలి. ఆ చివరి మాటను మన దగ్గర ఎవరూ పట్టించుకోరు. నా మొదటి కారుకు కార్బురేటర్ మార్పించినప్పుడు పాతదేదని అడిగితే, ఆ గ్యారేజీ యజమాని నవ్వి, నిన్న సాయంత్రమే పాత ఇనుముకు వేశామని చెప్పాడు. అప్పటి నుంచి విప్పిన ప్రతి భాగాన్నీ ఆ సాయంత్రమే ఇంటికి తెచ్చుకుంటున్నాను. ఒక్కో భాగాన్ని దాని బోల్టులతో సహా ఖాళీ మిఠాయి డబ్బాలో పెట్టి, ఏ తేదీన ఎక్కడి నుంచి తీసినదో మూత మీద రాస్తాను. మీ అబ్బాయి ఇంజినీరయినా కాకపోయినా ఈ పని ఆయనకు అప్పగించండి. విప్పక ముందు ఫోటో తీయడం కూడా ఆయన బాధ్యతే.

మీకు ఒక వెసులుబాటు ఉంది. ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు ఈ కారునే 1974 నుంచి పద్మిని పేరుతో చాలా ఏళ్లు తయారుచేశారు. అందుకే ఇంజిన్, బ్రేకు భాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. దీనివల్లనే ఒక చిక్కు కూడా ఉంది. గ్రిల్లు, దీపాలు, డ్యాష్‌బోర్డు కాలక్రమంలో మారుతూ వచ్చాయి. మరమ్మతులో పద్మిని గ్రిల్లు తగిలించి "అంతా ఒకటే సార్" అనే మెకానిక్ మీకు తప్పకుండా ఎదురవుతాడు. అలాంటి భాగాలను ఒప్పుకోకండి.

ప్రశ్న: మా ఇంట్లో మార్క్ 2 అంబాసిడర్ ఉంది. పెట్రోలు ఖర్చు భరించలేక మా నాన్న 1980లలో దానికి డీజిల్ ఇంజిన్ వేయించాడు. ఇప్పుడు దాన్ని పెట్రోలు కారుగా మార్చి "ఒరిజినల్" చేయమని స్నేహితులు అంటున్నారు. పాత ఇంజిన్ మా దగ్గర లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొదట మీ సి బుక్కు తీసి ఇంధనం అని ఉన్నచోట ఏమి రాసి ఉందో చూడండి. అక్కడ డీజిల్ అని ఉంటే మీ తండ్రిగారు పద్ధతి ప్రకారం నమోదు చేయించారన్నమాట. పెట్రోలు అనే ఉంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఆ చిక్కు తేల్చుకోవాలి. మిగతా ఆలోచన ఆ తరువాతే.

నమోదు సరిగా ఉంటే ఆ ఇంజిన్ జోలికి వెళ్లవద్దని నా సలహా. మీ స్నేహితులు చెప్పినట్టు ఎక్కడి నుంచో వేరే 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ కొని వేసినా, అది మీ కారుతో పాటు, అంబాసిడర్లు తయారైన ఉత్తరపారా కర్మాగారం నుంచి వచ్చిన ఇంజిన్ అయిపోదు. పాత నంబరు కూడా దాని మీద ఉండదు. మీరు చేసేది రెండో మార్పిడే అవుతుంది. పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజిన్ వేయించడం ఆ రోజుల్లో మన ఊళ్లలో సర్వసాధారణం. పెట్రోలు, డీజిల్ ధరల మధ్య అంత తేడా ఉండేది. మీ తండ్రిగారి నిర్ణయం ఆ కారు చరిత్రలో భాగం. కారు తన జీవితకాలంలో పొందిన మార్పులు కూడా దానికి సాక్ష్యాలేనని ఇందాక చెప్పిన చార్టర్ కూడా ఒప్పుకుంటుంది. వింటేజ్ నమోదు మాత్రం ఈ కారుకు కష్టం, ఎందుకంటే ఆ నిబంధన ఇంజిన్ మార్పును అంగీకరించదు. రోజూ నడుపుకొనే కారుకు దాని అవసరమేమిటి?

ఎన్ని మైళ్లు తిరిగినా కర్మాగారం నుంచి వచ్చినట్టే ఉండాలన్న ఆశ మనకు ప్రదర్శనశాలలు చూడడం వల్ల కలుగుతుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లోని పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చి చేయించుకున్నారు, ఆయన మరణించిన తరువాత అది నగరానికి చేరింది. అది ఊరేగింపుల కోసం పుట్టిన కారు. మీ అంబాసిడర్ పత్తి బస్తాలు మోసింది, పెళ్లికూతుళ్లను అత్తవారింటికి తీసుకెళ్లింది. ఈ రెండింటికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: మా పద్మినికి అక్కడక్కడా రంగు వెలిసింది. మొత్తం గీకించి కొత్తగా మెరిసే రంగు వేయించాలా? కారు అసలు రంగే వేయిస్తాను కనుక ఒరిజినాలిటీ పోదు కదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పోతుందమ్మా. రంగు పేరు అదే అయినంత మాత్రాన అది ఆ రంగు కాదు. ఒకసారి గీకించిన రంగును మళ్లీ తేలేము. నా దృష్టిలో, అవసరం లేని పూర్తి పెయింటింగు వల్ల మన పాత కార్లకు జరిగిన నష్టం అల్లాయ్ చక్రాల వల్ల జరగలేదు. చక్రాలు సాయంత్రానికి విప్పేయవచ్చు.

ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి తలుపులు, మడ్‌గార్డులు, డిక్కీ మీద మెల్లగా జరపండి. గట్టిగా పట్టుకున్నచోట రేకు బాగుంది. జారిపోయినచోట కింద లప్పం మందంగా ఉంది, అంటే అక్కడ ఎప్పుడో తుప్పో దెబ్బో ఉండి టింకరింగ్ జరిగింది. అలాంటి చోట్ల మాత్రమే విప్పి బాగుచేయించి, ఆ మేరకే రంగు వేయించండి. మిగతా భాగానికి రబ్బింగ్ కాంపౌండ్‌ను తేలికగా, ఆ తరువాత మైనం పాలిష్‌ను పట్టించి చూడండి. పాత రంగు ఎంత తేరుకుంటుందో చూసి మీరే ఆశ్చర్యపోతారు. తలుపుల లోపలి అంచుల్లో, డిక్కీ మూత అడుగున ఉన్న రంగును పెయింటరు ముట్టుకోకుండా చూసుకోండి, రేపు ఎవరైనా కారు అసలు రంగు ఏదని అడిగితే చూపించడానికి మీకు మిగిలేది అదే.

తుప్పు మళ్లీ పుట్టేది ఎక్కువగా తలుపుల కింది అంచుల్లో. అద్దం మీద పడిన వాన నీరు తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. మట్టితో అవి మూసుకుపోతే నీరు అక్కడే నిలుస్తుంది. ప్రతి సంవత్సరం జూన్‌లో తొలి వాన పడక ముందే నాలుగు తలుపులూ తెరిచి, ఆ రంధ్రాలను ఒక చీపురు పుల్లతో పొడిచి, పై నుంచి చెంబెడు నీళ్లు పోసి కిందికి కారుతున్నాయో లేదో చూడండి.