కేసు కొట్టేసినా పేరు మిగిలిపోయింది

మొన్న సంక్రాంతికి అమలాపురం వెళ్తే మా కౌలుదారుది ఒకటే మాట: "కార్డు ఇప్పించండి బాబూ, అది లేందే బ్యాంకులో అప్పు పుట్టట్లేదు." 2019 చట్టం కింద ఆ సాగుదారు కార్డుకి భూయజమాని సంతకం కావాలి. అది చెల్లేది 11 నెలలే. అయినా కాగితంలో పేరెక్కితే పొలం పోతుందని మా బాబాయి భయం. అక్కడ పేరెక్కక ఏడుపు. అమెరికాలో అద్దెకుండేవాడికి పేరెక్కితే ఏడుపు.

ఇక్కడ అమెరికాలో నలుగురు కలిసి అద్దెకుంటున్న పాలకొల్లు తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, రూమ్మేటు అద్దె ఎగ్గొట్టి పోయాడు. నా వాటా నేను కట్టేశాను. నాకేం కాదుగా?"

అవుతుంది తమ్ముడూ. నలుగురూ ఒకే లీజు మీద సంతకం పెడితే మొత్తం అద్దెకి ఒక్కొక్కరూ పూచీయే, మామూలుగా. మన ఊళ్లో ఓనరు ఖాళీ చెయ్యమంటే సామాను పక్క వీధికి మోసుకుపోతాం, అక్కడితో సరి. ఇక్కడ కోర్టులో ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించే) కేసు పడ్డ రోజే రికార్డు పుడుతుంది. అద్దెకొచ్చేవాళ్ల గురించి ఓనర్లకి ఆరా తీసిచ్చే స్క్రీనింగ్ కంపెనీలు దాన్ని 7 ఏళ్లదాకా చూపించొచ్చు.

నాకూ పడింది. బాకీ కట్టేశాం, కేసు కొట్టేశారు. రెండేళ్ల తర్వాత వేరే అపార్ట్‌మెంటువాళ్లు కాదన్నారు. నిరాకరించాక 60 రోజుల్లోపు అడిగితే స్క్రీనింగ్ కంపెనీ ఆ రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూస్తే కేసు వేసిన సంగతి ఉంది, కొట్టేసిన సంగతి లేదు! కోర్టు ఆర్డరు జతచేసి రాశాను. వాళ్లకి 30 రోజుల గడువు, సరిచేశారు. ఈలోగా ఆ ఫ్లాటు వేరేవాళ్లకి పోయింది.

ఇప్పుడు నేనూ ఓనర్నే. అద్దె రాలేదంటే నా ఈఎంఐ ఆగదు, ఆ బాధా తెలుసు. అయినా వేసిన కేసునీ ఓడిన కేసునీ ఒకే గాటన కట్టడం అన్యాయం. కాలిఫోర్నియాలో 2017 నుంచి, 60 రోజుల్లో ఓనరు గెలిస్తే తప్ప ఆ రికార్డు బయటివాళ్లకి ఇవ్వరు. న్యూయార్కులోనైతే పాత కేసు ఉందని ఇల్లు ఇవ్వననకూడదని 2019లో చట్టమే చేశారు. చాలాచోట్ల ఆ రక్షణ లేదు.

కోర్టు కాగితం వస్తే ఆ తారీఖున వెళ్లాల్సిందే, లేకపోతే తీర్పు ఏకపక్షంగా వచ్చేస్తుంది. రాజీ పడితే కేసు ఉపసంహరించుకుంటామని రాయించుకో. అసలు అంతదాకా రానివ్వకుండా మిగిలిన ముగ్గురూ కలిసి ఆ బకాయి ఇవాళే సర్దెయ్యండి. వాడి లెక్క తర్వాత తేల్చుకోవచ్చు, వాళ్ల నాన్నగారు భీమవరంలోనే ఉంటారన్నావుగా.