శిబిరం ముగిసిన మర్నాడు

సేవా క్లబ్బుల కార్యక్రమాల గురించి ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. చాలా ఏళ్ళుగా ఒక చిన్న పట్టణపు క్లబ్బులో సభ్యుడిగానూ, రెండు పర్యాయాలు కార్యదర్శిగానూ పనిచేసినవాణ్ణి కనుక, ఇందులో కొన్ని మాటలు మా క్లబ్బు చేసిన పొరపాట్ల నుంచి నేర్చుకున్నవేనని ముందుగానే ఒప్పుకుంటున్నాను.

ప్రశ్న: మా ఊరి సేవా క్లబ్బులో కొత్తగా చేరాను. జూలైలో బాధ్యతలు స్వీకరించిన కార్యవర్గం తన తొలి కార్యక్రమంగా ఉచిత నేత్ర వైద్య శిబిరం జరపాలనుకుంటోంది. పరీక్షలు చేసేది వైద్యులే కదా, నావంటి మామూలు సభ్యుడు చేయగలిగినదేముంది? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: వైద్యుల పని ఒక్క పూటలో ముగుస్తుంది. మీ పని అంతకు పది రోజుల ముందే మొదలై, తరువాత నెలన్నర దాకా సాగుతుంది. పూర్వం బడి గదులలోనో సత్రాలలోనో బల్లలు వేసి అక్కడికక్కడే శుక్లాల ఆపరేషన్లు చేసేవారు. అటువంటి కొన్ని చోట్ల కంటికి ఇన్ఫెక్షన్ సోకి, మసకగానైనా కనిపిస్తున్న చూపు కూడా పోయిన సందర్భాలు ఉండటంతో ఆ పద్ధతిని వదిలిపెట్టారు. ఇప్పుడు శిబిరంలో జరిగేది పరీక్ష మాత్రమే. శుక్లం ముదిరినవారిని పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళి, ఆపరేషన్ చేయించి, కంటిలో కృత్రిమ కటకం అమర్చాక తిరిగి ఇంటికి చేర్చాలి. ఆ తీసుకువెళ్ళడంలోనూ చేర్చడంలోనూ ఉన్నదంతా సభ్యుల పనే.

మొదట తేదీ సంగతి. కార్యవర్గానికి జూలై కొత్త సంవత్సరం కావచ్చు గాని, మీ డెల్టాలో అది నాట్ల కాలం. ఇంట్లో పనిచేయగలిగిన ప్రతి మనిషీ చేలో ఉండే రోజుల్లో ముసలాయనను ఆసుపత్రికి ఎవరు తీసుకువస్తారు? మేమూ ఒకసారి ఇటువంటి తొందరపాటుతోనే శిబిరం పెట్టాం. వచ్చినవారికి కొరత లేదు, పత్రికలో ఫొటో కూడా వచ్చింది. కాని మర్నాడు ఆపరేషన్లకు ఏర్పాటు చేసిన బస్సు సగానికి సగం ఖాళీగా కదిలింది. తరువాత ఇంటింటికీ వెళ్ళి అడిగితే, ఒకరికి గేదెను చూసేవారు లేరు, ఒకరి కోడలికి నెలలు నిండాయి, మరొకామెకు ‘ఆపరేషన్ చేస్తే రెండో కన్ను కూడా పోతుంద’ని పొరుగింటావిడ చెప్పిందట. వీటిలో ఏ ఒక్కటీ వైద్యుడు పరిష్కరించగలిగినది కాదు. పక్క వీధిలో ఉండే మనిషి మాత్రమే పరిష్కరించగలిగినవి. దాళ్వా (రెండో పంట) నాట్లు కూడా పూర్తయి ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి ప్రాంతంలో శిబిరం పెట్టమని మీ అధ్యక్షులకు చెప్పి చూడండి.

ముందుగా చేయవలసిన పనులలో ముఖ్యమైనది మధుమేహం, రక్తపోటు ఉన్నవారిని ఆశా కార్యకర్తల సాయంతో గుర్తించి, మందులు సక్రమంగా వాడేటట్లు చూడటం. చక్కెర అదుపులో లేనివారిని ఆసుపత్రికి చేరాక ఆపరేషన్ చేయకుండానే వెనక్కి పంపవలసి వస్తుంది, ఒకసారి అలా వెనక్కి వచ్చిన మనిషి రెండోసారి బస్సెక్కడు. ఇక ఆపరేషన్ తరువాత వారాల తరబడి చుక్కల మందు వేయాలి, వైద్యులు చెప్పిన తేదీలలో మళ్ళీ చూపించాలి. ఒంటరిగా ఉండే వృద్ధురాలికి ఆ చుక్కలు వేసేదెవరన్న ప్రశ్న మీ సమావేశపు ఎజెండాలో ఉండి తీరాలి. ఒక్కో సభ్యుడు నలుగురు రోగుల బాధ్యత తీసుకుంటే చాలు.

మరొక్క మాట. నలభై దాటినవారిలో చాలామందికి కావలసింది ఆపరేషన్ కాదు, దగ్గరి చూపుకు కళ్ళద్దాలు మాత్రమే. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీలకూ, మిషన్ కుట్టేవారికీ, పూలు కట్టేవారికీ ఒక జత కళ్ళద్దాలంటే మరికొన్నేళ్ళ జీవనోపాధి అని అర్థం. ఖర్చు చూస్తే, వేదిక మీద కప్పే శాలువాల పద్దు కంటే అది ఎక్కువేమీ కాదు.

ప్రశ్న: రోటరీ, లయన్స్ క్లబ్బులకు తేడా ఏమిటి? స్త్రీలు చేరవచ్చునా? (ఒక పాఠకురాలు, మధిర)

జవాబు: రెండూ అమెరికాలోని షికాగోలో పుట్టినవే. రోటరీని 1905లో పాల్ హారిస్ అనే న్యాయవాది ప్రారంభించగా, లయన్స్ 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో ఏర్పడింది. 1925లో లయన్స్ మహాసభలో, చూపూ వినికిడీ లేని అమెరికన్ రచయిత్రి హెలెన్ కెల్లర్ అంధుల పక్షాన నిలవమని కోరిన నాటి నుంచి కంటి వైద్యం వారి ముఖ్య వ్యాసంగమయింది. రోటరీ 1985 నుంచి పోలియో నిర్మూలనను తన ప్రధాన కార్యక్రమంగా చేసుకుంది. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదయింది, 2014లో దేశానికి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. స్త్రీలు నిరభ్యంతరంగా చేరవచ్చు. 1980ల చివరి వరకు ఈ రెండు సంస్థలూ వారికి సభ్యత్వం ఇవ్వలేదన్నది కొంచెం సిగ్గుపడవలసిన చరిత్రే. అప్పటికి అర్ధ శతాబ్దం ముందే, 1937లో, మద్రాసులో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. సేవా సంస్థను నడపడం తెలుగు స్త్రీలకు ఎవరో వచ్చి నేర్పవలసిన విద్య కాదు.

ప్రశ్న: మా క్లబ్బు ఏటా ఒక నాయకుడి జయంతి రోజున రక్తదాన శిబిరం జరిపి పెద్ద సంఖ్యలో రక్తం సేకరిస్తుంది. అయినా ఎండాకాలంలో మా ఊరివారికే రక్తం దొరకడం లేదు. కారణమేమిటి? (ఒక పాఠకుడు, జగిత్యాల)

జవాబు: కారణం మీ ప్రశ్నలోనే ఉంది. రక్తం బ్యాంకులో వేసిన డబ్బు వంటిది కాదు. ఎర్ర కణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులు మాత్రమే నిలవ ఉంటాయి. ఒకే రోజు అందరూ ఇచ్చిన రక్తం ఆ నెలకు మిగులుగానూ, మే నెలకు శూన్యంగానూ తేలుతుంది. తలసేమియా అనే వంశపారంపర్య రక్త వ్యాధి ఉన్న పిల్లలకు రెండు మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించవలసి ఉంటుంది. వారి అవసరానికి జయంతులతో, వర్ధంతులతో పని లేదు.

కనుక మీ దాతలను నాలుగు జట్లుగా విడదీసి, మూడు నెలలకొక జట్టు చొప్పున పిలవండి. కళాశాలలకు సెలవులిచ్చే ఏప్రిల్, మే నెలలకు విద్యార్థులను కాక వ్యాపారులను, ఉద్యోగులను కేటాయించండి. పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, బరువు 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ డెసిలీటరు రక్తానికి 12.5 గ్రాములైనా ఉండాలి. సేకరణ మాత్రం లైసెన్సు ఉన్న రక్త కేంద్రం సిబ్బందే చేయాలి. హాజరు పెంచడానికి వాచీలు, హెల్మెట్ల వంటి బహుమతులు పంచే అలవాటు మీ క్లబ్బులో ఉంటే మానిపించండి. బహుమతి కోసం వచ్చినవాడు తన జబ్బు సంగతి ఫారంలో దాచిపెట్టే ప్రమాదం ఉంది.

ప్రశ్న: మా నాన్నగారు కళ్ళు దానం చేస్తానని క్లబ్బువారి కార్డు మీద సంతకం చేశారు. ఆ తరువాత మేము చేయవలసిందేమైనా ఉన్నదా? ఆయనకు శుక్లాల ఆపరేషన్ కూడా అయింది. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఆపరేషన్ అయినా, కళ్ళద్దాలు వాడుతున్నా, మధుమేహం ఉన్నా సాధారణంగా దానానికి అడ్డు కాదు. కంటిపై నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, ప్రధానంగా మార్పిడికి వాడుతారు. అయితే కార్డు ఒక కోరిక మాత్రమే. ఆయన కన్నుమూసిన తరువాత ఇంటివారు అంగీకరిస్తేనే అది నెరవేరుతుంది. కనుక ఆ విషయం మీ అన్నదమ్ములందరికీ ఇప్పుడే తెలిసి ఉండటం మంచిది. కళ్ళను ఆరు గంటలలోపు తీయాలి కాబట్టి వెంటనే నేత్ర నిధికి (ఐ బ్యాంకుకు) ఫోను చేయాలి. వారు వచ్చేలోగా ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, వాటిపై తడి దూదిని ఉంచి, తల కింద దిండు పెట్టాలి. వారు ఇంటికే వస్తారు. పావుగంట, ఇరవై నిమిషాలలో పని ముగుస్తుంది. ముఖం వికృతం కాదు, అంత్యక్రియలు ఆలస్యం కావు.

క్లబ్బువారికి నా మనవి ఒక్కటే: కార్డులు ఎన్ని నింపించారని లెక్క చూసుకునే బదులు, అర్ధరాత్రి ఫోను వస్తే ఎత్తే ఇద్దరు సభ్యుల పేర్లను ప్రతి వార్డులోనూ తెలియజేయండి. చావింట్లో నేత్ర నిధి నంబరు వెతికే స్థితిలో ఎవరూ ఉండరు.

ప్రశ్న: ఇరవై నోటు పుస్తకాల పంపిణీకి ముప్ఫైమంది సభ్యులు ఫొటోలో నిలబడతారు. నేను విరాళం ఇస్తుంటాను గాని, ఆ డబ్బు ఫ్లెక్సీలకు పోతున్నదేమోనని అనుమానం. అడగడం మర్యాదేనా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: నిస్సంకోచంగా అడగండి, మాస్టారూ. సక్రమంగా నడిచే క్లబ్బులో రెండు వేర్వేరు పద్దులు ఉంటాయి. సభ్యుల చందాలతో సమావేశాలు, భోజనాలు, ప్రమాణ స్వీకారాల ఖర్చు గడుస్తుంది. ప్రజల నుంచి సేవ పేరిట వసూలైన ప్రతి రూపాయీ సేవకే వెళ్ళాలి. ఫ్లెక్సీ మొదటి పద్దులోకి రావలసిన ఖర్చు. మీరు రెండో పద్దు చూపమనండి, చూపకపోతే మీ విరాళాన్ని మీరు చదువు చెప్పిన బడికే నేరుగా ఇవ్వండి. రసీదు తప్పక తీసుకోండి. పాత ఆదాయపు పన్ను విధానంలో మినహాయింపు పొందాలనుకుంటే 2,000 రూపాయలు మించిన మొత్తాన్ని నగదుగా ఇవ్వకండి. కొత్త విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు ఎలాగూ వర్తించదు.

ఫొటోల విషయంలో నాది కొంచెం మెత్తని అభిప్రాయం. అంగడి కట్టేసి, పనిదినం వదులుకుని వచ్చిన మనిషికి ఒక ఫొటో ఆశ ఉండటం పెద్ద నేరమేమీ కాదు. కాకపోతే పుస్తకం అందుకునే పిల్లవాడి ముఖం అందులో కనిపించకుండా చూడమని మా క్లబ్బులో తీర్మానం చేసుకున్నాం. ఆ పిల్లవాడు మర్నాడు అదే పుస్తకంతో తన తరగతిలో కూర్చోవాలి కదా.