బరంపురంలో ఆఫీసుకెళ్ళే సైకిలుకు ఏముండాలి?

"ఇంటికీ ఆఫీసుకూ 5 కిలోమీటర్లు. 21 గేర్లు, ముందు షాక్ అబ్జార్బరు, రెండు డిస్కు బ్రేకులున్న సైకిలు తీసుకుందామనుకుంటున్నాను. బరంపురంలో రోజూ తొక్కడానికి బావుంటుందా?" అని అడిగారు.

బావుండదు. మీరు రాసిన మూడింటిలో ఒక్కటీ ఆ 5 కిలోమీటర్లకు అక్కరలేదు. అక్కరకొచ్చేవి మడ్‌గార్డులు, చైను కవరు, క్యారియరు, డబుల్ స్టాండు. వాటినేమో కొట్లో "ఎక్స్‌ట్రా ఫిట్టింగు" అంటారు. పట్టుచీరకు ఒక ధర, దాని కొంగుకు ఇంకో ధర చెప్పినట్టుంటుంది.

ముందు చైను సంగతి. గోపాల్‌పూర్ సముద్రం మనకు 15, 16 కిలోమీటర్లే. వాన పడకపోయినా ఇక్కడి గాలిలో ఉప్పుంటుంది. ముందు మడ్‌గార్డుకు కింద రబ్బరు నాలుక లేకపోతే ముందు చక్రం ఎగజిమ్మే ఇసకనీళ్ళు తిన్నగా చైను మీదే పడతాయి. అది నూనెతో కలిసి నల్లటి ముద్దయి ఆకురాయిలా పనిచేస్తుంది. చైను సాగింది అంటారు గానీ ఇనుము సాగదు, లోపలి పిన్నులూ వాటి కన్నాలూ అరుగుతాయి. కొలవడానికి స్కేలు చాలు. కొత్త చైనులో 12 జంట లింకులు, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు సరిగ్గా 12 అంగుళాలుంటాయి. అది 12 అంగుళాల ఒక నూలుకు (నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు) వచ్చిందంటే చైను మార్చాలి. రెండు నూళ్ళ దాకా లాగితే ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ళచక్రం) పళ్ళు కొక్కేల్లా వంగిపోతాయి. అప్పుడు కొత్త చైను వేసినా గట్టిగా తొక్కినప్పుడల్లా జారుతుంది, ఫ్రీవీలూ కొనాలి.

చైనును పూర్తిగా మూసే కవరుంటే ఈ గొడవ చాలా తగ్గుతుంది. సగం కవరు మీ ప్యాంటును కాపాడుతుందే తప్ప చైనును కాపాడదు. పంచరు వేసేవాళ్ళకు ఫుల్ కవరంటే పడదు, "తీసి పడేయండి బాబూ" అంటారు. వినకండి. పంచరుకు వెనక చక్రం ఊడదీయక్కర్లేదు. టైరు ఒక పక్క అంచు తప్పించి, ట్యూబు బయటికి లాగి, అక్కడే ప్యాచీ వేయొచ్చు. నూనె సంగతికొస్తే, కుట్టుమిషను నూనె మొదటి వానకే పోతుంది, గ్రీజు దుమ్మును పట్టేస్తుంది. మోటారుసైకిలుకు పోసే 20డబ్ల్యూ40 కొత్త ఇంజనాయిలు ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క వేసి, పెడలు పదిసార్లు వెనక్కి తిప్పి, పైనున్నదంతా గుడ్డతో తుడిచేయండి. గ్యారేజీలో దించిన పాత ఆయిలు మాత్రం వద్దు, అందులో ఇనప రజను ఉంటుంది.

ఇక బ్రేకులు. కొనేవాళ్ళంతా తప్పు లెక్క వేసేది ఇక్కడే. జూలై సాయంత్రం, ఆఫీసు వదిలే వేళ, జోరు వాన. సైకిలు 15 కిలోమీటర్ల వేగంతో వంతెన దిగుతోంది, కింద మలుపులో ఆవు నిలబడి ఉంది. మన పాత నల్ల సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగితే 2.2 మీటర్లు పోతుంది, అంటే ఆ వేగంలో సెకనుకు దాదాపు రెండు చుట్లు. రిమ్ము ఇనుముది, పైన నున్నటి క్రోమియం పూత, దాని మీద నీటి పొర. కడ్డీ బ్రేకు నొక్కగానే రబ్బరు ముందు ఆ నీటిని తుడవాలి, తర్వాతే పట్టుకుంటుంది. మూడు చుట్లు తుడవడానికే పోయాయనుకోండి, 6 మీటర్లు దాటిపోయారు. ఆవు 5 మీటర్లలో ఉంది. అదే అల్యూమినియం రిమ్మయితే తడిలో కూడా రబ్బరు చాలా తొందరగా పడుతుంది. కనక డిస్కు మీద పెట్టే డబ్బు అల్యూమినియం రిమ్ముల మీద పెట్టండి. రబ్బరు రిమ్ముకు తగిలేటప్పుడు దాని ముందు అంచు ఒక మిల్లీమీటరు ముందుగా తగిలేలా బిగిస్తే కీచుమనదు.

డిస్కు తడిలో బాగా పడుతుందన్నది నిజమే. కానీ చవక సైకిళ్ళలో వచ్చే కేబులు డిస్కులో సాధారణంగా ఒక పక్క ప్యాడే కదులుతుంది, రెండోది కదలదు. అది అరిగే కొద్దీ లోపలి స్క్రూ తిప్పి దగ్గరికి తెచ్చుకోవాలి. ఆ సంగతి తెలియక కేబులొక్కటే బిగిస్తూ పోతారు. పైగా మన సైకిలు స్టాండుల్లో హ్యాండిలు మీద హ్యాండిలు పడేటట్టు ఇరికిస్తారు. పక్క సైకిలు పెడలు తగిలి డిస్కు పల్చటి రేకు ఒక్క మిల్లీమీటరు వంగినా చాలు, చక్రం తిరిగినప్పుడల్లా సిస్సు సిస్సుమంటుంది. చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే హబ్బు లోపల మూసి ఉండే డ్రమ్ము బ్రేకు వీటన్నిటికన్నా మేలు, దొరికితే వదలకండి. జపానులో ఇల్లాళ్ళు తొక్కే "మమాచారి" సైకిళ్ళకు వెనక బ్రేకు హబ్బు దగ్గరే ఉంటుంది.

షాక్ అబ్జార్బరు గురించి రెండు ముక్కలు చాలు. ఆ ధరలో వచ్చేది ఉత్త స్ప్రింగు, గెంతును ఆపే ఏర్పాటు ఉండదు. కిలో పైగా బరువు, రెండో వానాకాలానికి తుప్పు. గతుకుల్ని టైరు చూసుకుంటుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో, 65 కిలోల మనిషికి 50 పౌండ్ల గాలి చాలు. కొట్టువాడు చేత్తో నొక్కి "రాయిలా ఉంది" అంటే ఎక్కువ కొట్టాడని అర్థం.

గేర్లు. ఊరు చదును. ముందు 44 పళ్ళు, వెనక 18 ఉన్న నల్ల సైకిలు పెడలు ఒక చుట్టుకు 5.4 మీటర్లు పోతుంది. ఎదురుగాలికి, క్యారియరు మీద మూటకు అది బరువే. వెనక 20 పళ్ళ ఫ్రీవీలు వేయించండి. చుట్టుకు 4.8 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 17 కిలోమీటర్లు. ఆఫీసుకు చెమట పట్టకుండా చేరతారు (మే నెల మినహా). రెండు పళ్ళు పెరిగితే చక్రం 6 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, మామూలుగా పాత చైనే సరిపోతుంది.

ఫ్రేము మాట చెబితే మగవాళ్ళు చాలామందికి నచ్చదు. పై కడ్డీ లేనిది తీసుకోండి, "లేడీసు సైకిలు" అని నవ్వినా సరే. క్యారియరు మీద 20 కిలోల బియ్యం బస్తా కట్టుకున్నవాడు కాలు వెనక నుంచి ఎలా తిప్పి ఎక్కుతాడు? ముందునుంచే ఎక్కాలి. చీర కట్టుకునేవాళ్ళకు వెనక చక్రానికి జాలీ గార్డు తప్పనిసరి. క్యారియరు కాళ్ళు ఇరుసు నట్టు దగ్గర బిగించి ఉండాలి, సీటు కడ్డీకి ఒక్క క్లాంపుతో వేలాడేది పది కిలోలకే పక్కకు తిరుగుతుంది. సీటు ఎత్తు: మడమ కింది పెడలు మీద పెడితే మోకాలు తిన్నగా రావాలి.

కొట్లో ఒక పని చేయండి. డబుల్ స్టాండు వేసి వెనక చక్రం తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. పెరుగుతూ తరుగుతూ ఉంటే వంకరుంది. తర్వాత చక్రం పుల్లలు (స్పోకులు) రెండేసి కలిపి వేళ్ళతో నొక్కండి. ఒకే పక్క పుల్లల్లో ఏ జతైనా మెత్తగా ఉంటే అప్పుడే బిగించమనండి. కొత్త చక్రం పుల్లలు ఎలాగూ కొంత వదులవుతాయి, మూడో వారం మళ్ళీ వెళ్ళి వంకర తీయించుకోవాలి. ఆ పని చేయించుకోనివాళ్ళకే ఏడాదిలోపు వెనక పుల్లలు తెగుతాయి, అదీ ఎక్కువగా ఫ్రీవీలు పక్కవే. వాటిని మార్చాలంటే ఫ్రీవీలు ఊడదీయాలి.

ఇదంతా బరంపురానికి. రేపు కొరాపుట్‌కో రాయగడకో బదిలీ అయితే 20 పళ్ళు చాలవు. అక్కడికి హబ్బు లోపల మూడు గేర్లుండేది వెతకండి. అడుగు గేరు పావు వంతు తేలిక చేస్తుంది, చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చే ముక్క బయట వేలాడదు, చైను కవరూ పెట్టుకోవచ్చు.