వాక్యం చెప్పేముందు వినండి

ప్రశ్న: చర్చిలో కౌన్సెలింగ్ శిక్షణలో చేరాను. ఎవరైనా బాధ చెప్పుకోగానే ఒక బైబిల్ వాక్యం చూపించి ప్రార్థన చేసేయాలనిపిస్తుంది. అది చాలదా? వాళ్లు చెప్పినవి పాస్టర్‌గారికి చెప్పాలా?

జవాబు: ప్రార్థన కావాలి, కానీ తొందర వద్దు. బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం తీసి నెమ్మదిగా చదవండి. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు. ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర దేవుడు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే ఏలీయా రెండుసార్లూ అదే గోడు వెళ్లబోసుకున్నాడు, 'ఇందాకే చెప్పావుగా' అని దేవుడు విసుక్కోలేదు. మీ దగ్గరికొచ్చినవాళ్లూ అదే మాట మళ్లీ మళ్లీ చెబుతారు, చెప్పనివ్వండి. బైబిల్లోనే, అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికొచ్చిన స్నేహితులు కూడా ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే అతన్ని గాయపరిచారు. ఏలీయాకు ముందు అందినవి తిండి, నిద్రే కదా, అందుకే నిద్ర పడుతోందా, తింటున్నారా అని తప్పక అడగండి. డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తే డాక్టర్ దగ్గరికి పంపండి, అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

ఇక రెండోది. వాళ్ల అనుమతి లేకుండా పాస్టర్‌గారికీ చెప్పకూడదు, ప్రార్థన విన్నపం పేరుతో గుంపులో అసలే వద్దు. ప్రాణాపాయం ఉన్నా, పిల్లల మీద హింస జరుగుతున్నా మాత్రం దాచకూడదు, రక్షించగలిగినవాళ్లకు వెంటనే చెప్పాలి. ఈ షరతు మొదటి రోజే, వాళ్లు నోరు విప్పకముందే చెప్పేయండి.