వంట క్లాసు ఫీజు ‘తిరిగి ఇవ్వబడదు’ అని రాస్తే డబ్బు పోయినట్టేనా?

ప్రశ్న: నేను ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. వంటంటే చాలా ఇష్టం, పద్ధతిగా నేర్చుకోవాలని ఉంది. మా ఇంటికి దగ్గర్లోని ఒక వంట స్కూలు ఆదివారాల్లో 24 వారాల కోర్సు నడుపుతోంది. ఫీజు రూ.48,000. మొత్తం ఒకేసారి కట్టాలి, లేదంటే ఈఎంఐ వాళ్లే పెట్టిస్తారట. డెమో క్లాసు నచ్చింది. అయితే దరఖాస్తు ఫారం వెనక ‘ఒకసారి చెల్లించిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’, ‘ప్రమాదాలకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని ఉంది. మా ఆఫీసులో షిఫ్టులు ఎప్పుడు మారతాయో చెప్పలేం. మధ్యలో మానేస్తే డబ్బు పోయినట్టేనా? వాళ్ల సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉందంటున్నారు, నమ్మొచ్చా? ఇందులో చేరమంటారా, ఇంకోటి చూసుకోమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు డబ్బు కట్టకముందే అడిగారు. ఇలాంటి సందేహాలు మామూలుగా డబ్బు కట్టిన మూడు నెలలకు గానీ మా దాకా రావు. అందుకే మీకు చెప్పగలిగింది చాలా ఉంది.

ముందు ఆ ‘తిరిగి ఇవ్వబడదు’ సంగతి చూద్దాం. ఫారం వెనక అచ్చు వేసినంత మాత్రాన ఏదీ చట్టం అయిపోదు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందం తప్పినవాళ్ల నుంచి ఎంత వసూలు చేయాలో ముందే రాసుకున్నా, అవతలి పక్షానికి దక్కేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న మొత్తం దానికి పైహద్దు మాత్రమే. అసలు నష్టమే జరగనప్పుడు పరిహారం పేరుతో డబ్బు అట్టిపెట్టుకోవడం కుదరదని 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు స్థలం వేలానికి సంబంధించినది, కానీ సూత్రం మీ ఫీజుకూ పనికొస్తుంది.

మీ లెక్కతోనే చూద్దాం. వారానికి రూ.2,000 పడుతోంది. ఐదు ఆదివారాలు వెళ్లి మానేశారనుకోండి, పదివేల రూపాయల చదువు అయిపోయింది. మిగిలింది రూ.38,000. మీరు మానేయడం వల్ల స్కూలుకు పోయిందెంత? మీ కోసం కొనాల్సిన సరుకులు ఇంకా కొననే లేదు. మీ చోటులోకి వెయిటింగ్ లిస్టులోంచి ఇంకొకరు వచ్చేస్తే వాళ్లకు నష్టం దాదాపు లేనట్టే. అదే చిన్న బ్యాచ్ అయి, సగంలో ఎవరూ చేరే వీలు లేకపోతే మాత్రం నష్టం నిజమే. నేర్పేవాళ్ల జీతం, అద్దె మీరు వచ్చినా రాకపోయినా ఒకటే కదా. కాబట్టి మీ షిఫ్టు మారి మీరే మానేస్తే ముప్పై ఎనిమిది వేలూ వెనక్కి వస్తాయని నేను చెప్పను. కొంత వస్తుంది, అదీ గట్టిగా అడిగితే.

తప్పు స్కూలుదైతే కథ వేరు. డెమో రోజు నేర్పిన చెఫ్ తర్వాత కనబడకపోవడం, ఆదివారం క్లాసును చెప్పకుండా బుధవారానికి మార్చడం, ‘ప్రతి ఒక్కరూ స్వయంగా వండుతారు’ అని చెప్పి చూస్తూ రాసుకొమ్మనడం, ఇవన్నీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 భాషలో సేవాలోపం. లోపం ఉన్న సేవను ఆపి, డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అదే చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి కూడా అవుతుంది. బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో తిరిగివ్వాలి. డెమోలో పొయ్యికి ఇద్దరు నిలబడతారు, అసలు బ్యాచ్‌లో అదే పొయ్యి చుట్టూ ఎనిమిది మంది చేరతారు. వెనక వరసలో ఉన్నవాళ్లకు గరిటె కాదు గదా, గిన్నె కూడా కనబడదు. అందుకే పొయ్యికి ఎంతమంది, సరుకులు ఫీజులోనేనా, క్లాసు తప్పితే మళ్లీ చెబుతారా అన్న మూడు సంగతులు వాట్సాప్‌లోనైనా సరే రాతలో అడగండి. ఆ చాట్ డిలీట్ చేయకండి. ఫోన్ మార్చినప్పుడు అది కూడా వెంట తెచ్చుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలామంది వకీళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. విద్యాసంస్థలు అసలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయా అన్నదే పెద్ద తగువు. వినాయక మిషన్ యూనివర్సిటీ కేసులో 2020 జనవరి 20న జాతీయ వినియోగదారుల కమిషన్, వృత్తి విద్యా కోర్సులు నడిపేవాళ్లతో సహా విద్యాసంస్థలు ఈ చట్టం కిందికి రావని తేల్చింది. కోచింగ్ సంస్థలను మాత్రం ఆ మినహాయింపులోంచి బయట పెట్టింది. ఏ నియంత్రణ సంస్థ కిందా లేకుండా, డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఇవ్వకుండా నేర్పేవాళ్లను బడులతో, కాలేజీలతో సమానం చేయలేమన్నది దాని తర్కం. ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

మీకు దీనివల్ల ఏమిటి? సర్టిఫికెట్‌కు ఎంత గట్టి గుర్తింపు ఉంటే, వినియోగదారుల కమిషన్‌లో స్కూలు వకీలుకు ‘మేం విద్యాసంస్థ’ అనే వాదన అంత సులువుగా దొరుకుతుంది. కేవలం సరదాకి, వారాంతాల్లో, ఏ బోర్డుతోనూ సంబంధం లేకుండా నడిచే క్లాసు అయితే అది కోచింగ్‌కు దగ్గర. మీ కేసు నిలబడే అవకాశం ఎక్కువ. వింతగా ఉన్నా సంగతి ఇదే. కమిషన్‌లో తలుపు మూసుకున్నా సివిల్ కోర్టు ఉంటుంది, దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. కానీ ముప్పై ఎనిమిది వేల కోసం సివిల్ కోర్టు మెట్లెక్కమని నేనైతే సలహా ఇవ్వను.

ఇంకో మాట. ‘మధ్యలో మానేస్తే మిగతా ఫీజు పది రోజుల్లో ఇచ్చేయాలని కేంద్రం ఆదేశించింది’ అని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ తిరుగుతూ ఉంటుంది. అది 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ ఇచ్చిన కోచింగ్ సెంటర్ల మార్గదర్శకాల్లోది. అవి చదువులకు, పోటీ పరీక్షలకు 50 మందికి మించి విద్యార్థులతో నడిచే కేంద్రాల కోసం. ఆటలు, నృత్యం, నాటకం వంటి సృజనాత్మక కార్యకలాపాలను అందులోనే మినహాయించారు. వంట క్లాసు రిసెప్షన్‌లో ఆ ఫార్వర్డ్ చూపించి వాదిస్తే మీరే ఇబ్బంది పడతారు.

ఇక రసీదు. నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సంచీలోంచి గులాబీ రంగు కార్బన్ కాగితం తీశారు. దాని మీద ‘క్లాసు ఫీజు’ అని, ఒక అంకె, గిలికిన సంతకం. యజమాని పేరు లేదు, చిరునామా లేదు. బోర్డు మీద ఒక పేరు, బ్రోషర్‌లో ఇంకో పేరు, యూపీఐలో డబ్బు వెళ్లింది మూడో పేరుకు. అది ఎవరో వ్యక్తి సొంత ఖాతా. నోటీసు ఎవరి పేర పంపాలో తేల్చడానికే మాకు నెల పట్టింది. అందుకే ఫీజు కట్టేటప్పుడు సంస్థ అసలు పేరు, యజమాని లేదా కంపెనీ పేరు, చిరునామా ఉన్న బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. రూ.48,000లో జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా అప్పుడే అడగండి. ఇలాంటి క్లాసులకు 18 శాతం పడుతుంది, విడిగా వేస్తే రూ.8,640 అదనం. సేవల్లో ఏడాది టర్నోవర్ రూ.20 లక్షలు దాటనివాళ్లు సాధారణంగా రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు, కానీ రిజిస్టర్ కానివాళ్లు జీఎస్టీ పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వేస్తే అదొక్కటే చాలు, ఆ స్కూలు లెక్కలు ఎలా ఉంటాయో తెలియడానికి.

ఈఎంఐ మాటకు వస్తే, నేను వద్దంటాను. స్కూలు ‘పెట్టించే’ ఈఎంఐ చాలాసార్లు వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. డబ్బు మొత్తం మొదటి రోజే స్కూలుకు వెళ్లిపోతుంది. మీరు క్లాసు మానేసినా, స్కూలే మూసేసినా, అప్పు మీ పేరు మీదే ఉంటుంది. కంతు ఆగితే సిబిల్ స్కోరు మీది పడిపోతుంది, స్కూలుది కాదు. ఇప్పటికే సంతకం పెట్టేసి ఉంటే, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పుకు పెనాల్టీ లేకుండా వెనక్కి తగ్గడానికి కనీసం ఒక రోజు గడువు ఇవ్వాలి. ఆ గడువు ఎంతో అప్పు పత్రంతో పాటు ఇచ్చే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’లో చూడండి.

ప్రభుత్వ గుర్తింపు అన్నప్పుడు ‘ఎవరి గుర్తింపు?’ అని ఒక్క ప్రశ్న వేయండి. గోడకు ఫ్రేము కట్టి ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చూపిస్తారు. అది చిన్న పరిశ్రమగా సొంత ప్రకటనతో తీసుకునే నమోదు, నేర్పే పాఠానికి దానితో సంబంధం లేదు. ఐఎస్ఓ సర్టిఫికెట్ ప్రైవేటు సంస్థలు ఇచ్చేది. నైపుణ్య శిక్షణకు దేశంలో నియంత్రణ సంస్థ ఎన్‌సీవీఈటీ. నిజంగా గుర్తింపు ఉంటే దాని కింద ఏ సంస్థ సర్టిఫికెట్ ఇస్తోందో, కోర్సు కోడ్ ఏమిటో వాళ్లు రెండు నిమిషాల్లో చెప్పగలరు. చెప్పలేక ‘మేడం, అందరూ చేరుతున్నారు’ అంటే మీకు జవాబు దొరికినట్టే. లేని గుర్తింపు ఉందని ప్రకటించడం తప్పుదోవ పట్టించే ప్రకటన, దానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారే రూ.10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. అయినా మీది సరదా. సర్టిఫికెట్ కన్నా పొయ్యి దగ్గర చోటు మీకు ముఖ్యం కాదూ? దరఖాస్తులో ‘ఎందుకు చేరుతున్నారు’ అనే గడి ఉంటే ‘అభిరుచి’ అనే రాయండి. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవాళ్లు వినియోగదారులు కారన్న వాదనకు అక్కడే అడ్డుకట్ట పడుతుంది. రేపు ఇంట్లో చేసి అమ్మాలనిపిస్తే అది వేరే దారి. చిన్న స్థాయిలో అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, ఏ స్కూలు సర్టిఫికెట్టూ దానికి బదులు కాదు. అప్పుడు మీ ఉద్యోగ ఒప్పందం కూడా ఒకసారి చదువుకోండి. నేర్చుకోవడానికి కంపెనీ అనుమతి అక్కర్లేదు గానీ, పక్క వ్యాపారానికి అడ్డు చెప్పే షరతులు చాలా ఒప్పందాల్లో ఉంటాయి.

ప్రమాదాలకు బాధ్యత లేదన్న వాక్యం చూసి భయపడకండి. మీ చెయ్యి మీరే కోసుకుంటే అది వేరు. లీకయ్యే గ్యాసు పైపు, జారే నేల, మంట ఆర్పే పరికరం లేకపోవడం వల్ల దెబ్బ తగిలితే అది వాళ్ల నిర్లక్ష్యం. ఒక్క అచ్చు వాక్యంతో దాన్నుంచి తప్పించుకోవడం అంత తేలిక కాదు. బేరమాడే శక్తి సమానంగా లేని చోట, ఒకరు రుద్దిన అన్యాయమైన షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద చెల్లదని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని కోర్టులు ఆచితూచి వాడతాయి గానీ, మీ చేతిలో వాదన అయితే ఉంది. ఈసారి వెళ్లినప్పుడు గ్యాసు బండ మీద బరువు చూడండి. 14.2 కిలోలని ఉంటే అది ఇళ్లకిచ్చే బండ, వ్యాపార స్థలంలో వాడకూడదు. అక్కడ 19 కిలోల వాణిజ్య బండ ఉండాలి. ఇంటి బండ పేలితే బీమా దగ్గరే చిక్కు మొదలవుతుంది.

తీరా గొడవ వస్తే, ముందు రాతపూర్వకంగా అడిగి 15 రోజులు ఆగండి. తర్వాత 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయండి. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలలోపు కాబట్టి కమిషన్‌కు ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ ‘తిరిగి ఇవ్వబడదు’ షరతునే అన్యాయమైన ఒప్పందంగా కొట్టేయించాలంటే మాత్రం జిల్లా కమిషన్‌కు ఆ అధికారం లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. మీకు కావాల్సింది డబ్బే అయితే సేవాలోపం మీదే వాదన నడపండి.

ఇక చేరాలా వద్దా అన్నది. స్కూలుకు ఈ వారమే ఒక మెసేజ్ పెట్టండి: ‘ఫీజు ఆరు వారాలకోసారి నాలుగు విడతలుగా, రూ.12,000 చొప్పున కడతాను. నా షిఫ్టు మారితే తర్వాతి బ్యాచ్‌లో కొనసాగనివ్వండి. కుదరకపోతే అప్పటిదాకా జరిగిన క్లాసులకు మించి కట్టింది తిరిగి ఇవ్వండి.’ దీనికి ‘సరే’ అని రాతలో వస్తే, ఫారం వెనక ఏం అచ్చువేసి ఉన్నా నిశ్చింతగా చేరండి. అప్పుడు ఏ రోజైనా మీ డబ్బు వాళ్ల దగ్గర ఇరుక్కునేది పన్నెండు వేలకు మించదు. ‘అది మా పాలసీ కాదు మేడం’ అంటే ఆదివారం ఇంకో స్కూలు డెమోకు వెళ్లిరండి.