రాతి నేలలో కంచె స్తంభాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మెళియాపుట్టి మండలంలో కొండవాలున రెండు ఎకరాల జీడితోట ఉంది. చుట్టూ ముళ్లతీగ కంచె వేయాలని ఏడు అడుగుల సిమెంటు స్తంభాలు కొని దింపుకున్నాం. గోతులు తవ్వబోతే కొన్నిచోట్ల అడుగు లోతులోనూ, కొన్నిచోట్ల జానెడు లోతులోనూ గునపం రాయికి తగులుతోంది. కూలీలు మొత్తం జాక్‌హామర్‌తోనే కొట్టించాలంటున్నారు. అంత ఖర్చు తప్పదా?

జవాబు: చాలావరకు తప్పించుకోవచ్చు. గునపానికి తగిలిన ప్రతి రాయీ బండ కాదు. అడుగున ఏముందో తేల్చుకోకుండా తవ్వకం మొదలుపెడితే డబ్బు వృథా అవుతుంది.

చతురస్రంగా ఉన్న రెండు ఎకరాల చుట్టుకొలత సుమారు 1,180 అడుగులు. 8 అడుగులకొకటి చొప్పున 150 స్తంభాల దాకా పడతాయి. ముందు దారం కట్టి, ప్రతి చోటా సున్నంతో గుర్తు పెట్టండి. తర్వాత ఒక్క గొయ్యి కూడా తవ్వకుండా, మొన బాగున్న అయిదడుగుల గునపంతో ప్రతి గుర్తునూ పొడిచి చూడండి. గుర్తు మీద ఒక పోటు, దాని చుట్టూ అడుగున్నర దూరంలో మూడు పోట్లు చాలు. నాలుగు రకాల నేలలు బయటపడతాయి.

గునపం రాళ్ల మధ్య పక్కకు జారుతూ దిగితే అది రాళ్లు కలిసిన మొరం. ఒకచోట ఖంగుమని ఆగి, అడుగున్నర దూరంలో సాఫీగా దిగితే అది విడి బండ. నాలుగు పోట్లూ ఒకే లోతులో ఆగి, గునపం చేతిని ఎగదన్నితే అడుగున పరుపు బండ ఉన్నట్టు. దబ్బుమని చప్పుడై మొన వెంట పొడి పైకి వస్తే కుళ్లిన రాయి. అది గునపానికే లొంగుతుంది, యంత్రం అక్కర్లేదు. డ్రిల్లు కావాల్సింది పరుపు బండ ఉన్న చోట్ల మాత్రమే.

విడి బండ తగిలితే దాన్ని పెకలించకండి. స్తంభాన్ని వరస మీదే అడుగో రెండడుగులో పక్కకు జరపండి. స్తంభాల మధ్య దూరం అన్నిచోట్లా ఒకటే ఉండాలన్న నియమం లేదు, ఎక్కడా పది అడుగులు దాటకపోతే చాలు. బండను పెకలిస్తే అడుగు వెడల్పు గొయ్యి కాస్తా మూడడుగులవుతుంది. దాన్ని మళ్లీ నింపి గట్టిపరచడానికి అయ్యే పని, స్తంభం జరపడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మొరంలో గొయ్యి 12 అంగుళాల వెడల్పు, రెండడుగుల లోతు ఉండాలి. ఎండాకాలంలో మొరం సిమెంటులా బిగుసుకుపోతుంది కాబట్టి ముందురోజు సాయంత్రం గుర్తు దగ్గర చిన్న గుంట చేసి రెండు బకెట్ల నీళ్లు పోయండి. తెల్లవారేసరికి పని సగం తేలికవుతుంది. వానలు వెనకబట్టాక తవ్వగలిగితే ఆ నీళ్లు కూడా అక్కర్లేదు.

గోతిలోంచి తీసిన రాళ్లను పారేయకండి, స్తంభాన్ని పట్టి ఉంచేవి అవే. స్తంభం నిలిపి తూకం గుండుతో రెండు వైపుల నుంచి నిలువు సరిచూడండి. పెద్ద రాళ్లను అడుగున స్తంభానికి మూడు పక్కలా బిగించండి. ఆపైన పిడికెడేసి రాళ్లు, వాటి సందుల్లో మొరం వేస్తూ ఆరంగుళాలకో వరస చొప్పున గునపం మొద్దు కొనతో దట్టించండి. చాలామంది గొయ్యంతా నింపేశాక పైన నాలుగు పోట్లు పొడిచి వదిలేస్తారు. కింద డొల్లగానే ఉంటుంది, మొదటి వానకే స్తంభం ఊగుతుంది. మెత్తటి పైమట్టి, బంకమట్టి గోతిలో వేయొద్దు. ఎండితే అవి కుంచించుకుపోయి స్తంభాన్ని వదిలేస్తాయి. మొదటి పెద్ద వాన తర్వాత ఒకసారి తిరిగి చూసి, దిగిన చోట మళ్లీ నింపి దట్టించండి.

ఇలా బిగించిన వరస స్తంభాలకు సిమెంటు అవసరం లేదని మా అభిప్రాయం. రైతులు సిమెంటంతా వరస స్తంభాలకు పోసేసి, మూల స్తంభాల దగ్గరకొచ్చేసరికి చెయ్యి ముడుచుకుంటున్నారు. అది తిరగబడ్డ లెక్క. లాగుడంతా మోసేవి మూల స్తంభాలే. కాంక్రీటు వేసే చోట ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు ఇసుక, ఆరు పాళ్లు 20 ఎం.ఎం. చిప్స్ కలిపితే అడుగు చదరం, రెండడుగుల లోతు గోతులు నాలిగింటికి ఒక బస్తా సరిపోతుంది. మూల స్తంభాలకు 1:2:4 కలపండి, బస్తాకు మూడు గోతులు నిండుతాయి. ఇసుక వంశధారదో నాగావళిదో తెచ్చుకోండి. సముద్రపు ఒడ్డు ఇసుకలోని ఉప్పు స్తంభం లోపలి ఇనుమును తినేస్తుంది.

ఇక పరుపు బండ. అడుగు లోతులో బండ ఉంటే స్తంభాన్ని దాని మీదే నిలపాలి. బండ మీది మట్టిని పూర్తిగా తీసి, బ్రష్షుతో రుద్ది కడగండి. మట్టి పొర మిగిలితే కాంక్రీటు బండను పట్టదు. స్తంభానికి రెండు పక్కలా, మూడేసి అంగుళాల ఎడంలో, రోటరీ హామర్ డ్రిల్లుతో 16 ఎం.ఎం. వెడల్పు, 8 అంగుళాల లోతు రంధ్రాలు వేయించండి. కరెంటు లేని చోట చిన్న జనరేటర్ అద్దెకు తెచ్చుకోవచ్చు. రంధ్రంలోని రాతిపొడిని సన్నటి గొట్టం తగిలించిన సైకిల్ పంపుతో పూర్తిగా ఊదేయండి. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇక్కడే. పొడి మిగిలితే సిమెంటు రాతిని కాకుండా ఆ పొడిని పట్టుకుంటుంది, చువ్వ చేత్తో లాగినా ఊడివస్తుంది.

తర్వాత రంధ్రాన్ని తడిపి, సమపాళ్ల సిమెంటు, జల్లించిన ఇసుకతో దోసెపిండి కంటే కాస్త గట్టిగా కలిపిన ముద్దను సగానికి పైగా నింపండి. 12 ఎం.ఎం. చువ్వను తిప్పుతూ దింపండి. పైకి ముద్ద పొంగితేనే లోపల నిండినట్టు. చువ్వలు బండ మీద పదిహేను అంగుళాలు నిలబడాలి. మూడు రోజులు వాటిని తాకొద్దు. నాలుగో రోజు స్తంభం నిలిపి, చువ్వల్ని కలుపుకుంటూ 15 అంగుళాల చదరం, అడుగున్నర ఎత్తు దిమ్మె 1:2:4తో పోయండి. రెండు దిమ్మెలకు ఒక బస్తా చాలు. దిమ్మె పైభాగం స్తంభం నుంచి బయటికి వాలుగా ఉంటే నీరు నిలవదు. వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచండి. వరస స్తంభాలకు వారం, మూల స్తంభాలకు రెండు వారాలు గడిచాకే తీగ లాగాలి.

ట్రాక్టర్ కంప్రెసర్‌తో డ్రిల్లింగు చేయిస్తే రంధ్రం 34 ఎం.ఎం. దాకా వస్తుంది. దానికి 12 ఎం.ఎం. చువ్వ వదులు, 20 లేదా 25 ఎం.ఎం. చువ్వ వాడండి. ఇనుప యాంగిల్ స్తంభాలైతే ఆ చువ్వనే యాంగిల్ లోపలి మూలకు ఆరంగుళాలు ఆనించి వెల్డింగు చేయిస్తే దిమ్మె కూడా అక్కర్లేదు. వెల్డింగు చోట మాత్రం రెడాక్సైడ్ పూయండి.

బండ మీద నిలిపిన స్తంభం తల మిగతా వాటికంటే అడుగు ఎత్తుగా కనిపిస్తుంది. తలల వరస చూసుకోకండి, తీగల ఎత్తును నేల నుంచి కొలుచుకోండి.

ప్రశ్న: మెంటాడ దగ్గర మా మామిడితోటకు మూలల్లో రాతి స్తంభాలు పాతించాం. లోతు బాగానే ఉంది. అయినా తీగ బిగించిన ఏడాదికల్లా నాలుగు మూలలూ లోపలికి ఒరిగాయి. కారణం ఏమిటి?

జవాబు: కారణం లోతు కాదు, ఊత లేకపోవడం. ఒక్కో తీగను 60 కిలోల బలంతో లాగారనుకున్నా ఐదు తీగలకు 300 కిలోలు. మూలలో రెండు దిక్కుల నుంచీ అంతంత లాగుడు పడుతుంది. ఆ రెండూ కలిసి స్తంభాన్ని తోట లోపలికే లాగుతాయి. అది పనిచేసేది నేలకు రెండున్నర, మూడడుగుల ఎత్తులో కాబట్టి స్తంభం గోతి అంచును నలుపుకుంటూ మెల్లగా వంగుతుంది.

ప్రతి మూలకూ రెండు ఊత స్తంభాలు కావాలి, ఒక్కో తీగ వరస వెంట ఒక్కోటి. ఊత పైకొన మూల స్తంభానికి మూడింట రెండొంతుల ఎత్తులో ఆనాలి. కిందికొన అయిదారు అడుగుల దూరంలో నేలను తన్నాలి. మీది రాతి నేల కావడం ఇక్కడ వరమే. ఉలి, సమ్మెటలతో బండలో రెండంగుళాల లోతు గాడి కొట్టించి ఊత పాదాన్ని అందులో కూర్చోబెడితే ఇక జరగదు. గాడి లేకుండా నున్నటి బండ మీద ఆనిస్తే మాత్రం తీగ బిగించిన రోజే జారుతుంది. గాడి కుదరకపోతే పాదం వెనక 16 ఎం.ఎం. చువ్వ ఒకటి, దానికి తగ్గట్టు రంధ్రం పెద్దది చేసి, పైన చెప్పిన పద్ధతిలోనే బండలో నాటించండి. పొడవైన వరసలో వంద అడుగులకొక స్తంభానికి రెండు వైపులా ఇలాగే ఊతలివ్వండి. వాలు మారే ప్రతి చోటా కూడా ఇవ్వాలి.

ఒరిగిన స్తంభాన్ని తీగ వదులు చేయకుండా తోసి నిలబెట్టకండి, రాయి నేలమట్టం దగ్గర విరుగుతుంది. తీగలు విప్పి, స్తంభం బయటి వైపు మట్టి తవ్వి, నిలువుకు తెచ్చి, రెండు వైపులా రాళ్లు దట్టించి, ఊతలు కట్టాక మళ్లీ బిగించండి. ట్రాక్టర్‌తో లాగి బిగించే పద్ధతి మానుకోండి, ఎంత బలం పడుతోందో తెలియదు. చేత్తో తిప్పే రాచెట్ చాలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తీగ సాగి ఉంటుంది. అప్పుడు గట్టిగా బిగిస్తే చలికాలపు రాత్రి కుంచించుకుని మూలను ఇంకా లాగుతుంది. ఉదయం బిగించుకోండి.

కొత్త రాతి స్తంభాలు కొంటే ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి చూడండి. గంటలా మోగాలి. బొంగురు చప్పుడు వస్తే లోపల నెర్రె ఉన్నట్టే. విజయనగరం వైపు కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ పొరలు పొరలుగా చీలే రాయి, మూల స్తంభానికి పనికిరాదు. టెక్కలి వైపు గ్రానైట్ నమ్మదగింది.

ప్రశ్న: మూల దగ్గరే పెద్ద బండ అడ్డొచ్చింది. మందు పెట్టి పేల్పించొచ్చా? (టెక్కలి)

జవాబు: వద్దు. లైసెన్సు లేనివాళ్లతో పేలుడు మందు వాడించడం నేరం, ప్రాణాపాయం కూడా. రాయి కొట్టేవాళ్లు వరసగా రంధ్రాలు వేసి, సీలలు దిగ్గొట్టి బండను చీలుస్తారు, అది చాలు. బండ మరీ పెద్దదైతే చీల్చడం కూడా దండగ, దానికే చువ్వలు నాటి మూల స్తంభాన్ని దాని మీదే నిలపండి. అంతకంటే గట్టి పునాది దొరకదు. డ్రిల్లు తేలేని చోటైతే మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున గట్టి వెల్డ్‌మెష్ (ఇనుప వల) చుట్ట నిలిపి, మధ్యలో స్తంభం పెట్టి, చుట్టూ రాళ్లు పేర్చి నింపండి. దాదాపు టన్ను బరువవుతుంది, బండ మీద కదలదు.

ఆ మూలలో సర్వే రాయి ఉంటే దాన్ని ముట్టుకోకండి. కంచె మూలను అడుగు లోపలికి తెచ్చుకోండి.

ప్రశ్న: సరుగుడు కర్రలు రాతి గోతుల్లో రెండేళ్లకే కుళ్లిపోతున్నాయి. అడుగున కంకర వేసినా లాభం లేదు.

జవాబు: బండలో తొలిచిన గొయ్యి తొట్టి లాంటిదే. కంకర వేసినా నీరు పోయే దారి లేదు, కంకర సందుల్లోనే నిలుస్తుంది. వాలు వైపు గోతి అంచును ఉలితో గోతి అట్టడుగు దాకా చెక్కించి నీటికి దారి ఇవ్వండి. అది కుదరని చోట కర్ర పెట్టకండి, యాంగిల్ పెట్టండి. కర్రలు బెరడు తీసి బాగా ఎండాక, పాతే భాగానికి, దానిపైన మరో అడుగు మేర, వేడి తారు పూయండి. కుళ్లు మొదలయ్యేది నేలమట్టం దగ్గరే కాబట్టి ఆ అడుగును వదలొద్దు.

ప్రశ్న: మందస వైపు మా తోటలోకి అడవిపందులు, అప్పుడప్పుడు ఎలుగుబంట్లు వస్తున్నాయి. కంచె తీగకు కరెంటు ఇస్తే సరిపోతుందని కొందరంటున్నారు.

జవాబు: ఇంటి కరెంటు, మోటారు కరెంటు కంచెకు ఇవ్వనే ఇవ్వకండి. ముందు పోయేది మీ ఇంట్లో మనిషో, పక్క చేను మనిషో. చట్టప్రకారం నేరం కూడా. సోలార్ కంచె యంత్రం వేరు. అది సెకనుకొకసారి అతి తక్కువ సేపు షాక్ కొట్టి వదిలేస్తుంది, చంపదు. ప్రమాణాలున్న యంత్రమే కొని, హెచ్చరిక బోర్డులు పెట్టండి.

రాతి నేలలో సోలార్ కంచె విఫలమయ్యేది ఎర్త్ దగ్గర. పొడి బండలో దింపిన ఎర్త్ రాడ్డుకు కరెంటు తిరిగి రాదు, జంతువుకు షాక్ తగలదు. ఎర్త్ రాడ్లను బావి పక్కనో, గెడ్డ (వాగు) ఒడ్డునో, ఏడాదంతా తడి ఉండే పల్లంలో పాతి, అక్కడి నుంచి తీగ తెచ్చుకోండి. అలాంటి చోటు లేకపోతే ఒక తీగ కరెంటుకు, పక్క తీగ ఎర్త్‌కు చొప్పున మార్చి మార్చి కలపండి. జంతువు రెంటినీ తాకగానే షాక్ కొడుతుంది. ఆ కంచెకు ముళ్లతీగ వాడొద్దు, సాదా జి.ఐ. తీగే వాడాలి. ముళ్లలో చిక్కుకుంటే జంతువైనా మనిషైనా బయటపడలేరు.

పందులు సాధారణంగా తీగను దూకవు, కిందనుంచి దూరతాయి. అన్నిటికంటే కింది తీగ నేలకు ఆరంగుళాల ఎత్తులోనే ఉండాలి. బండల మధ్య నేల దిగిన చోట్ల తీగ కింద అడుగు, రెండడుగుల సందు మిగులుతుంది. అక్కడ తీగను కిందికి గుంజి కట్టకండి, కట్టిన ఆధారమే లాగుడుకు పైకి లేస్తుంది. తవ్వకంలో మిగిలిన పెద్ద రాళ్లను ఆ సందుల్లో, తీగకు తగలకుండా, ఒకదానిలో ఒకటి బిగిసేలా పేర్చి మూసేయండి. ఏటా వానలయ్యాక వాటిని తిరిగి చూసుకోవాలి, వాలు నీరు ముందు కదిపేది వాటినే.